కుండల్లో పెంచిన పురుగులు

మా పరిశోధన కేంద్రం మొత్తానికి ఏసీ ఉన్న గది ఒక్కటే. ఆ గదిలో నా పురుగులుండేవి.

సీతాఫల్‌మండిలో ఒక పాత మేడలో, ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రం అది. కింద మందుల దుకాణం, పైన మేము. కొత్త శతాబ్దం మొదలైన కొత్తలో నేనక్కడ పీహెచ్‌డీలో చేరాను. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగిపోతున్న రోజులవి. మా మల్కాజ్‌గిరి కాలనీలో ఏ ఇంటి ముందైనా పొద్దున్నే కంపెనీ క్యాబ్ ఆగిందంటే ఆ ఇంటివాళ్ళ నడక మారిపోయేది. నా ఈడు వాళ్ళందరూ అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేరిపోయారు. కామర్స్ చదివినవాళ్ళు, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, చివరికి తెలుగు ఎమ్మే చదివినవాళ్ళు కూడా. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, అది చాలనట్టు పురుగుల మీద పరిశోధన అన్నాను. మొదట్లో "ఎందుకమ్మా?" అని నన్నే అడిగేవాళ్ళు. తర్వాత నన్ను అడగడం మానేసి మా నాన్నని చూసి జాలిపడటం మొదలుపెట్టారు.

నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. విజయనగరం దగ్గర్నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాడు. ఎవరేమన్నా "దానికి నచ్చింది, చేసుకుంటంది" అనేసి పేపరు తిరగేసేవాడు. అమ్మ అలా కాదు.

"చదివినన్నాళ్ళు చదివేవు. ఆ కంప్యూటరేదో నేర్చీసుకుంటే నీ సొమ్మేటి పోతాది?" అనేది.

"నా సొమ్మేం పోదమ్మా, నా పురుగులు పోతాయి" అనేదాన్ని.

"ఛీ, అన్నం దగ్గర ఆ మాటెత్తకు" అని కంచం పక్కకి జరుపుకునేది. అమ్మకి పురుగంటే ఒకటే అర్థం. చిన్నప్పుడు మాకు ఏడాదికోసారి మాత్ర మింగించి కడుపులోంచి పోగొట్టించినది.

నా పురుగులు అవి కావు. ఒంట్లో చేరవు, రోగం తేవు. కుళ్ళిన పళ్ళ మీద, ఆకుల మీద బాక్టీరియాని తింటూ బతుకుతాయి. అచ్చులో కామా అంత ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే గాజుతో చేసినట్టు ఒళ్ళంతా పారదర్శకం, లోపలి కణాలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల నాలుగుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ఏ దశలో ఏ కణం రెండుగా చీలాలో, ఏది ఊరుకోవాలో అంతా ఖరారే.

ఆ ఖరారు తప్పకుండా చూసేవాటిలో రెండు చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్కలున్నాయి. మైక్రో ఆర్.ఎన్.ఎ. అంటారు. మామూలు జన్యువు పంపే సందేశం వందలు, వేల అక్షరాల పొడవుంటే ఇవి ఇరవై పైచిలుకు అక్షరాలు, అంతే. ఇవి దేన్నీ తయారుచెయ్యవు. వేరే సందేశాలకి అతుక్కుని "నీ పనైపోయింది, ఇక ఆపు" అంటాయి. మొదటి ముక్క లేని పురుగు తొలి దశ పనులే మళ్ళీ మళ్ళీ చేస్తూ కూర్చుంటుంది. రెండో ముక్క లేనిది పిల్లతనం వదల్లేక, పెద్దది కాలేక, చివరికి ఒళ్ళు పగిలి చచ్చిపోతుంది. మొదటిదాన్ని కనుక్కున్నప్పుడు పురుగుల్లో ఇదేదో వింతలే అని లోకం పక్కన పెట్టేసింది. కొన్నేళ్ళకి రెండోది దొరికింది. దాన్ని ఈగలో వెతికారు, ఉంది. చేపలో వెతికారు, ఉంది. మనిషిలోనూ ఉంది, అక్షరం పొల్లుపోకుండా అదే. ఆ పేపరు జిరాక్సు కాపీ చదివిన రోజు నేను బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయి, చాలా దూరం వెనక్కి నడిచాను.

నాకు వచ్చిన ప్రశ్న ఇది. కోట్ల ఏళ్ళుగా ఆ అక్షరాలు మారలేదు, సరే. వాటిని ఏ జాతి ఏ దశలో వాడుకుంటోంది? ల్యాబుల్లో పెరిగే పురుగులో రెండో ముక్క చివరి దశల్లో వస్తుందని తెలుసు. దాని దాయాది జాతుల్లో కూడా అప్పుడే వస్తుందా? మన ఎండల్లో, మన కుళ్ళులో పుట్టి పెరిగే పురుగులో? మా గైడుకి ఈ ప్రశ్న నచ్చింది. ఆయన్ని సార్ అనే పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. మెత్తగా మాట్లాడే మనిషి. ఒకప్పుడు ఆయనా పురుగుల మీద మంచి పని చేశారు. "నీ దాయాదిని నువ్వే వెతుక్కో" అన్నారు నవ్వుతూ.

వెతుక్కోవడానికి బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళాను. పొద్దుటి వేలాలు అయిపోయాక లారీల వెనక కుళ్ళిన కూరగాయల గుట్టలుంటాయి. ముక్కుకి చున్నీ కట్టుకుని ఒక్కో గుట్టలోంచి మెత్తబడ్డ టమాటాలు, దోసకాయలు, అరటి బోదెలు ఏరి సంచుల్లో వేసుకుంటున్నాను. పక్కనే టమాటా బుట్టలు పెట్టుకున్న ఒక పెద్దామె చాలాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం బిడ్డా, మంచియి ఇడిసిపెట్టి కుళ్ళినయి ఏరుకుంటున్నవ్? బర్రెలున్నయా మీకు?"

"బర్రెలు కాదమ్మా, పురుగుల కోసం."

"పురుగులు సుత పెంచుతరా?"

"పెంచుతా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మంచిగ చదువుకున్న పోరి లెక్క కనవడుతున్నవ్. ఇంట్ల ఎవరన్న పరేషాన్ చేస్తున్నరా?" అని గొంతు తగ్గించి అడిగింది. లేదని చెప్పేసరికి నమ్మకం లేకుండానే ఒక పగిలిన గుమ్మడికాయ నా సంచీలో పడేసింది. ఆ గుమ్మడికాయలోనే దొరికాయి నా పురుగులు. చూడ్డానికి ల్యాబు పురుగుకి కవలలా ఉన్నాయి. రెంటినీ జత కలిపితే సంతానం నిలవలేదు. అలా అవి వేరే జాతి అని తేలింది.

ఏడాదిన్నర పని బాగానే నడిచింది. ఏసీ గదిలో ఇరవై డిగ్రీల దగ్గర రెండు జాతులూ పక్కపక్క అరల్లో పెరిగేవి. ఆ తర్వాత ఒక వేసవి మొదట్లో సార్ నన్ను పిలిచారు. ట్రస్టు వాళ్ళు జన్యువుల సమాచారాన్ని కంప్యూటర్లో చదివే బయోఇన్ఫర్మేటిక్స్ కోర్సు పెడుతున్నారు, ఫీజు కట్టి చేరేవాళ్ళు క్యూ కడుతున్నారు, కంప్యూటర్లు వస్తున్నాయి, వాటికి ఏసీ గది కావాలి.

"పురుగులకీ కావాలి కదా సార్" అన్నాను.

"పురుగుల్ని ఫ్రీజర్లో పెట్టెయ్. గడ్డకట్టినా చావవు కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేపుకోవచ్చు. చూడమ్మా, ఫ్యూచర్ అంతా డేటాలోనే ఉంది. మన పురుగు జీనోమ్ వచ్చేసింది. దాని కజిన్‌ది కూడా వచ్చేస్తోంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చు, థీసిస్ రాసెయ్. చెయ్యి తడవకుండా అయిపోతుంది."

"అక్షరాలు ఒకటే అని తెలుస్తుంది సార్. అవి ఎప్పుడు పనిలోకి దిగుతున్నాయో కంప్యూటర్ చెప్పదు. పురుగుని పెంచి చూడాల్సిందే."

"అక్షరాలు ఒకటైతే పనీ ఒకటే."

"అది మీరు చూశారా సార్?"

మెత్తటి మనిషి ముఖం బిగుసుకుంది. "సోమవారానికి గది ఖాళీ కావాలి" అన్నారు.

"నేను ఖాళీ చెయ్యను."

ఆ మాట అంత సులువుగా నోట్లోంచి వస్తుందని నాకే తెలీదు. సోమవారం వడ్రంగులు వచ్చేసరికి నేను సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పని చేసుకుంటున్నాను. వాళ్ళు నా చుట్టూ టేబుళ్ళకి కొలతలు తీసుకున్నారు. "జెర జరుగుండ్రి మేడమ్" అంటే జరిగాను, మళ్ళీ కూర్చున్నాను. సాయంత్రం దాకా అలాగే నడిచింది. మర్నాడు వెళ్ళేసరికి గదికి కొత్త తాళం ఉంది. పురుగులు పెరిగే నా గాజు ప్లేట్లన్నీ వరండాలో బెంచీ మీద, ఎండ పడే చోట, అట్టపెట్టెల్లో పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క ప్లేటులో పురుగుల కింద పరిచిన జున్నులాంటి అగర్ అప్పటికే అంచులు ఎండి పైకి లేస్తోంది.

నేను ఏడవలేదు. సార్ గదిలోకి వెళ్ళాను. "ఇవి మా ఇంటికి తీసుకెళ్తున్నాను. మిగతా పనికి నా బెంచీ నాకుంటుంది కదా?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటనే అనుమతి కింద తీసుకున్నాను. ఐస్ ముక్కలు కొని, చేపలవాళ్ళ దగ్గర ఒక థర్మకోల్ పెట్టె అడిగి పుచ్చుకుని, లోకల్ రైలెక్కి మల్కాజ్‌గిరిలో దిగాను.

అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏటే అది? చేపలా?"

"పురుగులు."

"ఓలమ్మో! ఇంట్లోకా? వంటింటి గడప దాటితే నేను మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను, చెప్పీసేను."

"వెనక వరండాలో పెట్టుకుంటానమ్మా. వాళ్ళు గదిలోంచి గెంటేశారు."

"ఎవరిని?"

"పురుగుల్నీ, నన్నూ."

అమ్మ కాసేపు పెట్టెని చూసింది. "నిన్నెందుకు గెంటేరు?" అంది. చెప్పాను. కంప్యూటర్ల కోసం అనగానే ఆవిడ పెదవులు ఒకసారి బిగుసుకున్నాయి. వరండాలో ఉన్న చీపుర్లూ బకెట్లూ తీసి పక్కకి పెట్టింది.

ఏప్రిల్ ముదిరేకొద్దీ నా ధీమా కరిగిపోయింది. ల్యాబు పురుగు చల్లని దేశాల నుంచి వచ్చిన బిడ్డ. ఇరవై ఏడు డిగ్రీలు దాటితే గుడ్లు పెట్టడం మానేస్తుంది. మా వరండా ఆ గీత ఎప్పుడో దాటేసింది. ఒక మధ్యాహ్నం విసుగెత్తి థర్మామీటరు తీసుకెళ్ళి తాగే నీళ్ళ కుండలో ముంచాను. పాదరసం దిగుతూ పోయింది. వెనక నుంచి అమ్మ కేక వేసింది.

"తాగే నీళ్ళలో ఏటే ఆ పుల్ల?"

"అమ్మా, చూడు ఎంత చల్లగా ఉందో!"

"మరి కుండ కదా! మా వూళ్ళో అయితే ఇంత చల్లబడవు. సముద్రం దగ్గర గాలంతా చెమ్మ. ఇక్కడి గాలి పొడి గాలి, కుండ తెగ చల్లబడిపోతాది." అలా అంటూనే ఆ కుండలో నీళ్ళు పారబోసి, పీచు పెట్టి తోమేసింది. సాయంత్రం నాన్నతో రెండు పెద్ద మట్టి గోలేలూ రెండు చిన్న కుండలూ తెప్పించింది.

గోలెంలో ఇసుక, ఇసుకలో చిన్న కుండ, ఇసుక తడుపుతూ ఉండాలి, పైన తడి గోనె. కుండ లోపల ప్లేట్లు. నడివేసవిలో కూడా లోపల ఇరవై ఎనిమిది దాటకుండా నిలబెట్టగలిగాను. ల్యాబు పురుగుకి అది కూడా చాలలేదు. గుడ్లు ఆగిపోయాయి. దాన్ని కేంద్రంలో ఫ్రీజర్‌కి అప్పగించేశాను. బోయిన్‌పల్లి పురుగు మాత్రం కుండలో సుఖంగా పిల్లల్ని కన్నది. ఒక ప్లేటు బయట వరండాలో మర్చిపోతే అందులో ఇంకా తొందరగా, పరుగులు పెడుతున్నట్టు పెరిగింది. అది ఇక్కడి పురుగు. ఈ వేడిలో పుట్టి, ఈ వేడిలో పెరిగినది.

నా ప్రశ్న అప్పుడే పదునెక్కింది. వేడిలో ఈ పురుగు బతుకంతా తొందర తొందరగా గడిచిపోతుంది. మరి ఆ చిన్న ముక్క గంటలు చూసి వస్తుందా, దశ చూసి వస్తుందా? వేడి పెరిగినప్పుడు అది కూడా ముందుకి జరుగుతుందా, లేక వెనకబడిపోతుందా? చల్లని గదిలో కూర్చుంటే ఈ ప్రశ్న నాకు వచ్చేదే కాదు. అందుకు గది లాక్కున్నవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పమని తర్వాత ఎవరో అన్నారు. చెప్పను. వాళ్ళు ఆ ఉద్దేశంతో లాక్కోలేదు.

కోఠీలో పాత సామాన్ల కొట్లో ఒక చిన్న సూక్ష్మదర్శిని కొనుక్కుని వరండాలో పెట్టుకున్నాను. ఒక రోజు అమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏదీ, ఒక్కసారి చూడనీ."

కంటి దగ్గర పెట్టుకోవడం చేతగాక మొదట తన కనురెప్ప వెంట్రుకలే చూసింది. తర్వాత పురుగులు కంటికి చిక్కాయి.

"దీని కడుపులో గుడ్లు వరసగా కనిపిస్తన్నాయే! ఈ పక్కది మరీ చిన్న పిల్ల. అయ్యో, మెలికలు తిరిగిపోతంది!" కన్ను తియ్యకుండానే మళ్ళీ అంది. "ఇంత శుభ్రంగా ఉన్నాయేటి ఇవి?"

ఆ రోజు నుంచి నేను కేంద్రంలో ఉన్నప్పుడు గోనె తడిపే పని అమ్మే తీసుకుంది. నేను అడగలేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే "తడిపీసేను, ఇంకేటి చెయ్యాలి?" అనేది.

దశలవారీగా పురుగుల్ని పోగుచేసి, పెట్టెలో పెట్టుకుని పొద్దుటి లోకల్‌లో సీతాఫల్‌మండి వెళ్ళి, నా బెంచీ మీద వాటి నుంచి ఆర్.ఎన్.ఎ. తీసేదాన్ని. ఆడవాళ్ళ పెట్టెలో ఒకామె రోజూ నాకు చోటిచ్చి, "ఇంత పెద్ద టిఫిన్ బాక్సా! ఎంతమందికి తీస్కపోతున్నవ్?" అనేది. చాలామందికే అని చెప్పేదాన్ని.

వరండా సంగతి కాలనీకి పొక్కింది. ఒక ఆదివారం కాలనీ సంఘం అధ్యక్షుడు ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. రిటైరైన పెద్దమనిషి, తరాలుగా ఇక్కడివాళ్ళు. నాన్న బజారుకి వెళ్ళాడు. గేటు దగ్గరికి అమ్మ వెళ్ళింది, వెనక నేను.

"ఏందమ్మా, మీ ఇంట్ల పురుగులు పెంచుతున్నరంట గద?"

"పెంచుతున్నామండీ."

అబద్ధం చెబుతుందనుకున్నట్టున్నాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. "అట్లెట్ల పెంచుతరు? చిన్న పిల్లలున్నరు. అందరు పరేషాన్ అయితున్నరు. ఏమన్న బీమారి వస్తె ఎవరు జవాబు?"

"ఇవి ఎవరికీ రోగం తెచ్చీవి కావు. చదువుకున్న పిల్ల చెప్తంది. రండి, మీరే చూద్దురు గాని."

"నేను జూసుడు గాదమ్మా. గివన్ని తీసెయ్యాలె. లేకుంటే మున్సిపాలిటీల కంప్లైంట్ చేస్త."

అమ్మ చెంగు నడుముకి దోపుకుంది. ఆవిడ అలా దోపుకోవడం నేను అంతకుముందు ఒకటి రెండుసార్లే చూశాను.

"చెయ్యండి. వాళ్ళొచ్చినప్పుడు మీ ఇంటి సంపు కూడా చూపిద్దాం. మూత లేదు కదా దానికి? సాయంత్రమైతే మీ సంపులోంచి లేచిన దోమలు మా ఇంట్లో తిరుగుతాయి. మేమెప్పుడైనా మీ గేటు దగ్గరికొచ్చి, దోమల్ని పెంచుతున్నారేటని అడిగేమా? మా పురుగులు మా కుండ దాటి రావు. మీ ఇళ్ళలో పిల్లలు కంప్యూటర్లు నేర్చుకుంటే మీకు గొప్ప. మా పిల్ల ఇది నేర్చుకుంటంది, ఇది మాకు గొప్ప. తీసీది లేదు."

వెంట వచ్చిన ఇద్దరిలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అధ్యక్షుడు "మంచిగ చెప్తే వినరు" అంటూ వెళ్ళిపోయాడు. మున్సిపాలిటీ నుంచి ఎవరూ రాలేదు. ఆయన మాత్రం చాలాకాలం నాన్న నమస్కారానికి తల తిప్పేసుకునేవాడు. నాన్న కూడా మానకుండా రోజూ నమస్కారం పెట్టేవాడు. అది నాన్న పద్ధతి.

వానలు మొదలయ్యాక ఫలితం వచ్చింది. ఒక్కో దశ పురుగుల నుంచి తీసిన ఆర్.ఎన్.ఎ.ని వరసగా పరిచి, మనం వెతికే ముక్క ఉన్నచోట ఫిల్ము మీద నల్లటి గీత పడేలా చేసే పద్ధతి ఒకటుంది. చీకటి గదిలో ఫిల్ము కడిగి ఎర్ర దీపం ముందు ఎత్తి పట్టుకున్నాను. అది రెండో ముక్క ఫిల్ము. తొలి దశల దగ్గర ఖాళీ. చివరి దశల దగ్గర నల్లటి గీత. కుండలో నింపాదిగా పెరిగినవాటిలోనూ, వరండా వేడిలో పరుగెత్తినవాటిలోనూ గీత అదే దశలో. ఆ ముక్కకి గంటలతో పనిలేదు. పురుగు ఎంత తొందరపడితే అదీ అంత తొందరపడింది. దాయాదులు విడిపోయి ఇన్ని కోట్ల ఏళ్ళైనా, మన ఎండకి అలవాటుపడినా ఆ కట్టుబాటు సడలలేదు. రెండో ఫిల్ము మీద మొదటి ముక్క కొంచెం ఆలస్యంగా వచ్చినట్టు కనిపించింది. ల్యాబు పురుగులో అలా ఉండదు. అది నిజమైతే పెద్ద విషయం. 

థీసిస్ రాసి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు. చాలా శ్రద్ధగా చదివారు, అది ఒప్పుకోవాలి. తప్పులు దిద్దారు, రెండుచోట్ల నా వాదన గట్టిపడేలా మార్చారు. తర్వాత పద్ధతుల అధ్యాయం దగ్గర వేలు పెట్టారు.

"ఇదేమిటి? 'మల్కాజ్‌గిరిలోని ఇంట్లో, మట్టి కుండల్లో పెంచబడ్డాయి' అని రాశావు!"

"అక్కడే పెంచాను కదా సార్."

"ఎవరైనా నవ్వుతారమ్మా. 'ఇంక్యుబేటర్‌లో' అని రాయి. టెంపరేచర్ ఎలాగూ రాసుకున్నావు. మట్టి కుండ కూడా ఒక రకం ఇంక్యుబేటరే."

"మట్టి కుండని మట్టి కుండ అనే రాస్తాను."

"నీ కోసమే చెప్తున్నాను. మన కేంద్రంలో ఒక్క ఇంక్యుబేటర్ కూడా లేదని తెలిస్తే ఏమనుకుంటారు?"

"అలా తెలియకూడదనా సార్ మార్చమంటున్నారు?"

ఆయన కాగితాలు మూసేశారు. "అలా అయితే నేను సంతకం పెట్టలేను."

"అలా అయితే నేను మార్చలేను."

అప్పటికి నా ఫెలోషిప్ అయిపోయింది. పొద్దున్న ఒక ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి విశ్వవిద్యాలయం ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒకచోట "గైడుతో గొడవ పెట్టుకుంటే ఎట్లమ్మా, ఆడపిల్లవి" అన్నారు. ఇంకోచోట "ఒక్క మాట మారిస్తే అయిపోయేదానికి" అన్నారు. ఆ ఒక్క మాట ఎందుకు మార్చాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అర్జీ మీద అర్జీ పెట్టాను. చివరికి ఒక కమిటీ కూర్చుని, కుండల మాట ఉండొచ్చుగాని ముఖ్యమైన భాగం సరైన ఇంక్యుబేటర్‌లో మళ్ళీ చేసి చూపించమంది. వాళ్ళు నన్ను శిక్షించామనుకున్నారో, రక్షించామనుకున్నారో తెలీదు. అడగాల్సిన పద్ధతిలోనే అడిగారు కాబట్టి నేను ఒప్పుకున్నాను.

మొక్కల వేళ్ళకి పట్టే పురుగుల మీద పనిచేసే ఒక వ్యవసాయ ల్యాబులో ఒక మూల దొరికింది. అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఏడాది పోయింది. రెండో ముక్క మళ్ళీ అదే దశలో వచ్చింది, ప్రతిసారీ. మొదటి ముక్క ఆలస్యం మాత్రం నిలవలేదు. కుండలో కనిపించింది, ఇక్కడ కనిపించలేదు. దశలు వేరుచెయ్యడంలో ఎక్కడో కలగలిసిపోయి ఉండాలి. నా ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను. రెండు రకాల ఫిల్ములూ థీసిస్‌లో పెట్టి, నిలవలేదని రాశాను. "అది తీసెయ్యొచ్చుగా?" అన్నాడు పక్క బెంచీ అతను. తియ్యలేదు. కుండలు దాచనిదాన్ని ఇది ఎందుకు దాస్తాను?

వైవా రోజు అమ్మ పట్టుచీర కట్టుకుని చివరి వరసలో కూర్చుంది. పక్కన నాన్న, సెలవు పెట్టి వచ్చాడు. ఇంగ్లీషులో సాగిన మాటలు అమ్మకి తెలియవు, అయినా ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహమే చూస్తూ కూర్చుంది. సార్ కూడా వచ్చారు. చివరికి సంతకం పెట్టారు, కమిటీ చెప్పాక. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు అక్షరాల గురించి, దశల గురించి చాలా గుచ్చి గుచ్చి అడిగారు. ఆఖరున కళ్ళజోడు తీసి అడిగారు.

"కుండల్లో ఎందుకు పెంచావు?"

ఒకసారి సార్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. మర్యాదగా తప్పించుకునే జవాబులు రెండు మూడు తయారుగా ఉన్నాయి.

"పురుగుల గది కంప్యూటర్లకి ఇచ్చేశారు సార్. పని ఆపడం నాకు ఇష్టం లేకపోయింది."

 పరీక్షకుడు ఏదో రాసుకున్నారు. తర్వాత "ఇసుక ఎంత తరచుగా తడిపేవాళ్ళు?" అని అడిగారు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "ఆ వివరం మా అమ్మకి తెలుసు" అన్నాను. అందరూ నవ్వారు. తన వైపు తిరిగి నవ్వుతున్నారెందుకో తెలియక అమ్మ చెంగు సవరించుకుంది.

పెద్ద ల్యాబుల్లో ఉద్యోగం రాలేదు. ఉత్తరాల్లో గైడు అభిప్రాయం అడుగుతారు కదా. ఒక డిగ్రీ కాలేజీలో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కేంద్రంలో ఆ కోర్సు కొన్నేళ్ళు నడిచి, ఫీజు కట్టినవాళ్ళకి ఉద్యోగాలు రాక మూతపడింది. విని బాధపడ్డానని చెబితే అబద్ధం. ఆ పిల్లల కోసం మాత్రం బాధపడ్డాను. మా థీసిస్ పని ఒక చిన్న పత్రికలో అచ్చయింది. పెద్దగా ఎవరూ చదవలేదు. అయినా అది ఉంది, తీసి చూపించగలను.

ఈమధ్య ఆ చిన్న ముక్కల్ని మొదట కనుక్కున్నవాళ్ళకి లోకంలోకెల్లా పెద్ద బహుమతి వచ్చింది. టీవీలో పురుగు బొమ్మ చూపించారు. ఆ సాయంత్రం సార్ ఫోన్ చేశారు. ఎన్నేళ్ళయిందో ఆయన గొంతు విని. ముసలితనం వచ్చేసింది గొంతులో.

"చూశావా అమ్మా? మనం ఆ రోజుల్లోనే చేశాం కదా ఈ పని" అన్నారు. సంతోషంగానే అన్నారు.

"మనం కాదు సార్" అన్నాను. "మా అమ్మా, నేనూ."

  "అవునులే" అన్నారాయన. తర్వాత మోకాళ్ళ నొప్పులతో మేడ దిగలేకపోతున్నానని, వాకింగ్ కూడా మానేశానని చెప్పారు. డాక్టర్ ఏమన్నారని అడిగాను. చెబుతుంటే విన్నాను.